ఒకటో దెబ్బ

వడ్డేపల్లిల గిర్ని మీది అర్ర మాది.
కింద పట్టా తిరుగుతాంటే
పైన గచ్చు అరికాళ్లకు వణుకుతది.
మిరపకాయలు పట్టిన దినం తుమ్ములతోనే రిహార్సలు.

పాత పెడలు చెడ్డదేం కాదు.
తొక్కితే పట్టుకుంటది, మల్ల తొక్కితే తిప్పుతది.
కాని దానికి నా కాలు తప్ప లోకం తెల్వది.
డ్రమ్ము మిషిను నూట పన్నెండు మీద పోతాంటే
నా కాలు వెంట్రుకంత ఆలస్యంగ పడ్తది.
మొదటి చుట్టుల ఎవ్వరికి తెల్వది.
నాలుగో చుట్టుకు నాకు తెలుస్తది.
పదహారో చుట్టుకు
భీమారం ఫంక్షన్ హాల్ల ముందువరుస పిల్లగాడు
ఏ దెబ్బకు చప్పట్లు కొట్టాల్నో తెల్వక
రెండు చేతులు గాలిల ఆపి
నా దిక్కు చూసిండు.

ఆ చేతులే నన్ను దుకాణానికి తోలినయి.

చౌరస్తా వెనక సందుల యాకూబ్ పాషా
తడిబట్ట మీద కొర్రమట్టలు పరిచినట్టు
మూడు పెట్టిండు.
ఎర్రది నా పైసలకు అందేది,
క్లాకు వైరుకు దానికి బొక్కనే లేదు.
నల్లది నికార్సయినది:
ముందుగాల తొక్కినా, ఎనుక తొక్కినా
ఒకటో దెబ్బ దాక ఆగి అప్పుడే మూతపెడ్తది.
నా తప్పు నాకు గూడ చెప్పది.
మూడోది టెంపో పెంచితే చుట్టును సాగదీస్తది.
నూట పన్నెండు కాడ పాడిన నా గొంతు
నూట నలబై కాడ
ఎండల మరిచిన రబ్బరు చెప్పయింది.

అడిగిన:
మిషిను ఆపితే ఇది గూడ ఆగుతదా?
నేను నీళ్లు తాగేటప్పుడు
అడుగున ఒక్క గుంజుడన్న నడువాలె.
జనరేటర్ కరెంటుకు గుయ్యిమంటదా?
మీటల నడుమ జాగెంత?
చెప్పులిడిసి వాయిస్త నేను,
చిటికెనవేలు పక్కదాన్ని తగులొద్దు.
పాషా బిల్లుబుక్కు ఎనక ఒక్కోదానికి టిక్కు కొట్టిండు.
జనరేటర్ కాడ కొట్టలే.

నల్లదాన్ని నాలుగొద్దులకు అడుక్కొచ్చిన.
ఓదెలన్న గిర్ని ఎనక గడ్డి కాలబెట్టి
డప్పు కాచుకోని మెట్లెక్కిండు, పొగ వాసనతోని.
ఒక చుట్టు పట్టిన. తిరిగింది.
సూది మొనంత తేడా లేదు.
ఆయన చిర్ర, సిటికెన పుల్ల రెండు ఆపి
చెవి వంచి విన్నడు.

"మంచిగనే ఉన్నది చెల్లె.
నేను దీన్ని వింటాన.
ఇది నన్ను వింటదా?"

వినది అన్న.
"దెబ్బను ఎవడు పెంచడు, మంది పెంచుతరు.
అర్ధరాత్రి దాటినంక కాళ్లే చెప్తయి.
గీ డబ్బకు కాళ్లు కనవడ్తయా?"

జిరాక్సు దుకాణంల కూసోని
ఆ దినమంత సోంచాయించిన.
ఎవరిదో సివిల్స్ నోట్సు నాలుగు వందల పేజీలు
గుడ్డిగ తిప్పుతాంది మిషిను.
దాని ఎలుతురుల పెడలు పుస్తకం సదివిన.
నలబై మూడో పేజీల, సన్నటి అక్షరాలల్ల:
గడియారం ఎంట పెడలు నడువొచ్చు,
లేకుంటే పెడలు ఎంట గడియారం.
ఎడమ మీట నాలుగుసార్లు తొక్కుమన్నది.

తెల్లారి నేను తెర దిక్కు చూడలే.
ఓదెలన్న మణికట్టు చూసిన, తొక్కిన.
నూట పద్నాలుగున్నర అన్నది డబ్బ.
జర సేపటికి మల్ల తొక్కిన, నూట పదిహేడు.
నల్లది సాగదీయదు గద,
దెబ్బ ఎక్కినప్పుడల్ల
అప్పటిదాక పేర్సుకున్న చుట్టును పారేసి
కొత్తది పట్టాలె.
మంచిగ పాడిన ముక్క ఒకటి గట్లనే పోయింది.
మల్ల అట్ల రాలే.

పాషాకు ఎనిమిది వేలిచ్చిన, మిగిలినయి మూడు నెలల్ల.

నిన్న వాయించంగ వాయించంగ కరెంటు పోయింది.
గిర్ని ఆగింది, గచ్చు వణుకుడు ఆగింది.
ఓదెలన్న ఆపలే.
చీకట్ల నా కాలు
చచ్చిన మీటను ఇంక తొక్కుతనే ఉన్నది.
కరెంటొచ్చినంక డబ్బ
నూట ఇరవై కాడ మిణుకుమిణుకుమన్నది,
కంపెనోడు పెట్టిన పుట్టు నంబరు.
ఓదెలన్న దిక్కు చూసిన.
ఒకటి.