రెప్పకు ఆనించిన గుడ్డు

టాంటా నుంచి పొలాల్లోకి పోయే రోడ్డు,
మందుల షాపు మీద రెండో అంతస్తు,
వంటింటి మూల చెడిపోయిన ఫ్రిజ్ పక్కన
మా థర్మోకోల్ పెట్టె.
లోపల నలభై వాట్ల బల్బు,
పాత కంప్యూటర్లోంచి ఊడదీసిన బుల్లి ఫ్యాను,
టీ గ్లాసులో నీళ్ళు,
ముప్పై నాలుగు గుడ్లు.

గుడ్డుకి ఒకవైపు గీత, ఒకవైపు సున్నా
పెన్సిల్‌తో పెట్టాను.
పొద్దున గీత పైకి, రాత్రికి సున్నా పైకి.
మధ్యాహ్నం నేను బడిలో పిల్లలకి భిన్నాలు చెబుతుంటాను,
అప్పుడు తిప్పేది మా నానమ్మ ఇన్సాఫ్.
గీతా సున్నా ఆవిడకు కనబడవు.
కళ్ళు రెండూ పాలుకట్టి ఐదేళ్ళు.
ఏ పక్క బరువుగా ఉందో
అరచేతినే అడుగుతుంది.

వాళ్ళ నాన్న పొదుగుబట్టీలో పనివాడు.
మట్టి గోడలు, పిడకల పొగ,
మనిషి మోకాళ్ళ మీద పాకితే తప్ప పట్టని కంత.
తండ్రి పట్టని చోటికి ఏడేళ్ళ పిల్ల దూరేది,
గుడ్డు తీసి రెప్పకు ఆనించి
చీకట్లోంచే అరిచేది: ఎక్కువ. తక్కువ. చాలు.
కంటికి రెప్పలా చూసుకోవడమంటే
ఆ ఇంట్లో మాటవరసకు అన్న మాట కాదు,
దానికి వారానికి ఇంత అని కూలి ఉండేది.

తమ్ముడు హాతిమ్ అంకెలు వెలిగే థర్మామీటరు తెచ్చాడు.
ముప్పై ఏడున్నర చూపించింది.
నానమ్మ ఒక గుడ్డు తీసి కన్ను మూసుకుంది.
"తక్కువ."
"నానమ్మా, ఇది మిషను."
ఆవిడ వాదించలేదు.
తెల్లారి చూస్తే పెట్టె మీద ఆవిడ నల్ల శాలువా,
మిషను మీద ముప్పై తొమ్మిది.
గుండె జారిపోయింది నాకు.
కింద షాపులో వాగీ గారిని లేపి
జ్వరం చూసే గాజు గొట్టం తెచ్చి పెడితే
ముప్పై ఏడున్నర, వెంట్రుకవాసి తేడా లేదు.
హాతిమ్ ఏమీ అనలేదు.
స్టూలెక్కి బల్బుని ఒక అంగుళం కిందికి దించాడు.

ఏడో రాత్రి లైటార్పి
ఫోను టార్చి మీద ఒక్కో గుడ్డూ పెట్టి
చూసింది చూసినట్టు చెప్పాను.
"ఎర్రగా సాలీడులా ఉంది."
"కాళ్ళు కదులుతున్నాయా?"
"లేదు. మధ్యలో చుక్క కొట్టుకుంటోంది."
"ఐతే సాలీడు కాదులే."
ఖాళీవి తొమ్మిది తేలాయి.
మేడ మీది పిల్లులకి పండగ.

పద్దెనిమిదో రోజు నుంచి తిప్పడం మానేశాం.
చేతులకి పని లేక
నానమ్మ రోజంతా చిక్కుడుకాయలు వలిచింది.
బయట అమ్షీర్ నెల గాలి
తలుపుల్ని తెరిచి మూసి తెరిచి మూసి,
నీళ్ళ గ్లాసులు రెండు చేశాను.
ఇరవయ్యో రోజు మధ్యాహ్నం నమాజు తర్వాత
ఆవిడ చెవి మూతకి ఆనించి "మాట్లాడుతున్నాయి" అంది.
నాకు ఫ్యాను చప్పుడే వినబడింది.
రాత్రికి గాని కిచకిచలు నా దాకా రాలేదు.

ఇరవై నాలుగు వచ్చాయి,
తడిసిన చీపురు పుల్లల్లా,
ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతూ.
ఇరవై ఐదోది పెంకుకి చిన్న చిల్లు పెట్టి ఆగిపోయింది.
కనుబొమలు తీసే చిమటాతో నేను వంగాను.
నా మణికట్టు పట్టుకుంది నానమ్మ.
"రక్తం ఇంకా లోపలికి లాక్కుంటోంది. చెయ్యి తియ్."
తీశాను.
బడికి వెళ్ళాను. సగంలో పావు ఎంతో చెప్పాను.
వచ్చేసరికి చిల్లు అలాగే ఉంది,
లోపల ముక్కు కదలడం లేదు.

తీయనిస్తే బతికేదా అని అడిగాను.
తెలియదంది.
వాళ్ళ నాన్నకి తెలుసా అంటే
ఆయనా చెప్పలేదంది.
ఆ గుడ్డుని రెప్ప మీద చాలాసేపు ఉంచుకుని
తిరిగి నా చేతిలో పెట్టింది.

హాతిమ్ గురువారం సంతలో ధర ఎంతో లెక్కేస్తున్నాడు.
పసుపు పిల్లనొకదాన్ని ఆవిడ దోసిట్లో పెడితే
ఏ రంగని కూడా అడగకుండా
అలవాటుగా రెప్పకు ఆనించుకుంది.
అది కనుబొమని ఒక్క పోటు పొడిచింది.
"చాలు" అంది, వేడి గురించే.

పెట్టె ఖాళీ అయ్యాక బల్బు తీసేశాను.
వంటిల్లు ఎంత చీకటయిపోయిందో అన్నాను
పరాకుగా.
నానమ్మ నవ్వింది.