జారుడుగుండు

ముందు ఆగుడు నేర్పుతా,
జారుడు తర్వాత.
మడిమెలు గుండుకు ఆనియ్యి సైదమ్మా,
గట్ల కాదు, వేళ్లు మీదికి.

మూడేండ్లు నిండలే దానికి.
ముంజలు తిన్న మూతి ఇంకా తుడువలే.
తాటిమట్ట మీద కూసొని
"హై, నడువ్!" అని మట్టనే అదిలిస్తది,
తాత ఎడ్లను అదిలించినట్టు.

దేవరకొండ తొవ్వల ఈ గుండు
ఎన్ని లాగులు చింపిందో!
నడిమిట్ల నున్నగ ఒక చార,
మా అక్కలు జారంగ, నేను జారంగ
అద్దమోలె అయింది.
కింద వాగు ఇసుక పోసిన, నాలుగు గంపలు.
చాలదని వాళ్లమ్మ బొంత పరిచింది.
అప్పుడే మేకపిల్లొకటి ఎక్కి పండుకున్నది.

పడితే పక్కకు పడాలె బిడ్డా, ముందుకు గాదు.
తల ఊపింది. ఏం ఇన్నదో.

చెయ్యి పట్టుకుంటే మట్ట కదలదు.
ఇడిస్తే నాకు ఊపిరాడదు.
ఇడిసిన.

సర్రున పోయింది.
మడిమెలు గాల్లోనే ఉన్నయి,
నేర్పిందంతా నా దగ్గరే ఉండిపాయె.
పక్కపొంటి ఉరికితే చెప్పు తెగింది.
ఇసుకల కూలవడి
ఏడ్వాల్నో నవ్వాల్నో తెలువక
నా మొఖం దిక్కు చూసింది.
వణుకుతున్న మూతితోనే నవ్విన.
అప్పుడు అదీ నవ్వింది.

గుండు మీద క్వారీవాళ్లు ఏసిన ఎర్ర అంకె.
దానిమీద వేలు పెట్టి
"ఇదేంది నాయినా?" అన్నది.
మల్ల ఎక్కుదాం పా, అన్న.