బిస్మార్క్‌లో నా వంతు

వాషింగ్టన్ నుంచి ఇంతదూరం వచ్చారు.
మూడు నిమిషాలన్నారు, సరే.
నా పేరు మార్లిస్ ట్వెడ్ట్.
పక్కన నల్లకళ్ళద్దాలతో ఉన్నది నా భర్త ఆర్విడ్.
పొగరు కాదు. మీ ట్యూబులైట్లు
అతని తలలో మేకులై దిగుతాయి.

శత్రువు గుండు అతనికి తగల్లేదు.
మన ఫిరంగే. మన గుండ్లే.
రోజుకు ఇన్నని పేల్చమన్నారు, పేల్చాడు.
ఒక్కో గుండుకీ మీ దగ్గర రసీదుంది,
సెంట్లతో సహా.
పేలిన ప్రతిసారీ పుర్రెలో అదిరిన మెదడుకి
పద్దు ఏ పేజీలో రాశారో చూపించండి.

స్కాన్‌లో ఏమీ లేదన్నారు.
మా వంటింటికి రండి, ఉంది.
స్టవ్ మీద చీటీ: ఆపావా?
తలుపు మీద చీటీ: బూట్లు.
అద్దం మీద, అతని దస్తూరీలోనే:
ఈమె మార్లిస్. నీ భార్య. అరవకు.

మాటలు మళ్ళీ నేర్పే అమ్మాయి ఫార్గోలో ఉంది.
మంచులో వెళ్ళి రావడానికి తెల్లారినదగ్గర్నుంచి పొద్దుపోయేదాకా.
పన్నెండు పాఠాలకే మంజూరైన డబ్బు నిండుకుంది.
పదకొండో పాఠం నుంచి వచ్చిన రాత్రి
కుక్కని పేరుపెట్టి పిలిచాడు, ఎవరూ అందించకుండా.
పదమూడోది ఎవరిస్తారు?
చర్చివాళ్ళు కేకులమ్మి పోగుచేస్తామన్నారు, పాపం.
ఫిరంగులు కొన్న రోజున
ఎవరూ కేకులమ్మలేదండీ.

జాలి వద్దు. అది మా ఊళ్ళోనే దొరుకుతుంది,
గిన్నెల్లో పెట్టి గుమ్మం దగ్గర వదిలి వెళ్తారు.
నాకు బడ్జెట్‌లో ఒక్క వరుస కావాలి,
ఏటేటా వచ్చి అడుక్కోనక్కర్లేని వరుస.

గంట కొట్టారు. విన్నాను.
అతనూ విన్నాడు, చూడండి,
బల్ల కిందికి దూరాడు.

ఏం లేదు, ఆర్విడ్. గంటే.
చెయ్యి ఇలా ఇవ్వు.

ఇది కూడా రికార్డులో రాయించండి.