నలభై డిగ్రీలు

ఆదివారం. "మూసి ఉంది" బోర్డు తిప్పి పెట్టాను.
న్యూలిన్ రేవులో పడవలకీ సెలవే.
సీగల్ పక్షులకి మాత్రం వారాల సంగతి తెలీదు.

టేపు ఒక కొస డెంజిల్ ట్రెవాస్కిస్ చేతిలో,
ఇంకో కొస నా బూటు కింద.
మూడు మీటర్ల ఎనభై.
ఇరవై రెండేళ్ల నా ఉద్యోగం వెడల్పు అంతే.

గళ్ల కాగితం మీద గది ఎంత బుద్ధిగా ఉందో!
ఇక్కడ సింకు, అక్కడ ఎక్స్‌రే, దాని వెనక సీసపు రేకు.
పనిముట్లు కడిగే గది ఒక్క దిక్కుకే నడవాలట.
మురికి ఎడమ గుమ్మంలోంచి వచ్చి,
నీళ్లలో మునిగి, ఆవిరిలో ఉడికి
కుడి గుమ్మంలోంచి తళతళా పోవాలి.
వెనక్కి తిరిగితే నిబంధనలు ఒప్పుకోవు.
అలాంటి గది మనుషులకీ ఉంటే
అప్పు చేసైనా కట్టించుకునేదాన్ని.

"ఎక్కి పడుకోండి" అన్నాడు డెంజిల్.
ఎక్కడ?
"కుర్చీలో. ఎవరి వంటిల్లైనా కట్టేముందు
ఆ సింకులో నేనోసారి గిన్నెలు తోముతాను. అలవాటు."

సిగ్గేసింది.
ఇరవై రెండేళ్లుగా ఈ కుర్చీని
వెయ్యిసార్లు వంచాను, లేపాను,
ఒక్కసారీ ఎక్కలేదు.

ఎడమ చేతిపిడి మీద రెగ్జిన్ లేదు.
గోళ్లు. ఊరందరి గోళ్లు.
కుడిది కొత్తదానిలా ఉంది,
అటువైపు కెరెన్సా నిలబడి చెయ్యి పట్టుకుంటుంది కాబట్టి.

పైన ట్యూబులైటు. దాని తొట్టిలో మూడు ఈగలు,
ఎప్పుడో చచ్చినవి.
పక్కనే చూరు కారిన మరక,
గోధుమ రంగులో, రెక్కలు పరిచి, తోక సాచి.
ఇంత పెద్దది ఎప్పుడైంది?

"టేకు చేప" అంది లవ్‌డే, రిసెప్షన్‌లోంచే.
"అందరూ దాన్నలాగే అంటారు.
మత్తు ఎక్కేలోపు తోక ఎన్ని అంగుళాలో కొలుస్తాడట హెడ్లీ పాస్కో.
పోయిన చలికాలానికి ఇప్పటికీ రెండు పెరిగిందట."
నాకెవరూ చెప్పలేదే!
"చెప్పడానికి నోరు ఖాళీగా ఉండాలిగా."

పడుకునే తల పక్కకి తిప్పాను.
గోడ. గోడ మీద చిగుళ్ల జబ్బుల పటం.
ఆ గోడకి ఆ చివర కిటికీ,
కిటికీలో రేవు మొత్తం:
వలలు, ఐసు పెట్టెలు, ఎర్ర పడవ ఒకటి.
కుర్చీ వీపు దానివైపు.
ఎవరు పెట్టారిలా? ముందున్నాయన.
ఎందుకు? గొట్టం అక్కడుంది కనక.

నలభై డిగ్రీలు తిప్పితే చాలు, అన్నాను.
డెంజిల్ మోకాళ్ల మీద కూర్చుని నేల తట్టాడు,
నేను పంటిని తట్టి వినేలాగే.
"కాంక్రీటు. కొయ్యాలి.
గొట్టం వేరు పట్టుకుని అక్కడి దాకా లాక్కురావాలి.
పద్దెనిమిది వందల పౌండ్లు. తక్కువ చెప్పాననుకోండి."

బ్యాంకు ఇచ్చింది లెక్క పెట్టినంతే ఇచ్చింది.
వంపు తిరిగిన కొత్త కౌంటర్ కొట్టేశాను.
లవ్‌డే పెదవి విరిచింది, కొట్టేసిన చోటే
కాఫీ కప్పు పెట్టింది.
గోడ మీది టీవీ కొట్టేశాను.
డ్రిల్లు చప్పుడు ఆపే తలుపు మాత్రం వదలనన్నాను.
చప్పుడూ నీళ్లలాంటిదే, తలుపు కింద సందు చాలు దానికి,
నిరీక్షించే పిల్లాడి చెవి దాకా పారుతుంది.

చూరు బాగుచేయాలి. మరక పోతుంది.
పోక తప్పదు. అయినా పెన్సిలుతో
కాగితం మూల చిన్నగా గీసుకున్నాను,
తోక ఎన్ని గళ్లొచ్చిందో లెక్కపెట్టి.

మూడు వారాలు మూత. తేదీలు కొట్టేస్తూ లవ్‌డే ఆగింది:
"హెడ్లీ దవడ పన్ను అన్నాళ్లు ఆగదు."

మంగళవారం తొమ్మిదిన్నరకి వచ్చాడు,
పాత కుర్చీకి ఆఖరివాడు.
ఎడమ చెయ్యి తన చోటు తనే వెతుక్కుంది.
కళ్లు పైకి.
మామూలుగానే, రెండు వేళ్లు నోట్లో పెట్టాక అడిగాను:
గోడకి లేత నీలం వేయించనా, హెడ్లీ?

"ఆ" అన్నాడు.

రాసుకున్నాను.