ముక్కులో పన్ను

ఆదివారం సంతలో
తుప్పు తాళాలకీ తెగిన చార్జర్లకీ మధ్య
మూత నలిగిన డబ్బా, బేరమాడితే నూటయాభై.
లోపల నాట్ విమానం, డెబ్భై రెండో వంతు.
ఆ పేరుకి అర్థం కళ్ళ ముందు ముసిరే నుసుమట.
అరచేతిలో పెడితే వేళ్ళ చివర దాకా కూడా రాదు.

ఎవరో మొదలుపెట్టి వదిలేసింది.
ఎడమ రెక్క అప్పటికే అతికి ఉంది.
జిగురు ఆరకముందే పట్టుకున్న బొటనవేలు
ప్లాస్టిక్‌లో అలాగే దిగబడిపోయింది,
సుడులతో సహా.
చిన్న వేలు. పదేళ్ళుంటాయేమో.

మురుగేశపాళ్యం, మూడో అంతస్తు, రేకుల గది.
పగలు నేను ఇక్కడే పళ్ళు చేస్తాను.
మైనంలో మలిచి, లోహం పోసి, పింగాణీ పూసి,
పొరపొరకీ కాల్చి, పక్కపన్ను పసుపుకి తెచ్చి.
ఒక్క నోరూ చూడలేదు పద్దెనిమిదేళ్ళలో.
అచ్చులొస్తాయి, అట్టపెట్టెలో, పేరున్న చీటీతో.
రాత్రికి అదే దీపం, అదే బూతద్దం, అవే సన్నపు కత్తులు.
"పగలంతా గోకింది చాలలేదా" అంటుంది హేమావతి,
అంటూనే దీపం నా వైపు తిప్పుతుంది.

కింద వాటాలో బసవలింగప్ప.
గోడవతల ఫ్యాక్టరీలో ముప్ఫై మూడేళ్ళు రివెట్లు కొట్టాడు.
కుడిచెవి అక్కడే ఇచ్చేసి వచ్చాడు.
నా నాట్‌ని గోళ్ళతో ఎత్తి, వెలుతురుకి పట్టి,
"ఇక్కడ ఇన్ని గీతలు లేవు" అన్నాడు.
"సన్నగా ఉన్న కుర్రాళ్ళనే గాలిగొట్టంలోకి దూర్చేవాళ్ళు.
నేను దూరేవాణ్ణి" అన్నాడు,
పొట్ట తడుముకుని, తనే నవ్వి.
లేని గీతలన్నీ రెండు రాత్రులు అరగదీశాను.

ఇక ముక్కు సంగతి.
కాగితంలో రాసి ఉంది: ముక్కులో రెండు గ్రాములు.
లేకపోతే మూడు చక్రాలున్నా తోకమీద చతికిలబడి
కప్పు వంక చూస్తూ ఉంటుంది, అన్నానికి పిలవని కుక్కపిల్లలా.
సీసం గుండు కోసం సొరుగు వెతికితే
గంగరాజమ్మ పన్ను చేతికొచ్చింది.
కింది దవడ, ఎడమ వైపు, ఆరోది, ఉత్త లోహం.
క్లినిక్ నుంచి ఏడాది కిందటే తిరిగొచ్చింది:
పేషెంట్ రాలేదు.
ఎందుకు రాలేదో చీటీలో ఉండదు.
తూచాను. కొంచెం ఎక్కువే.
ఒక గూడు అరగదీసి ముక్కులో దూర్చి
జిగురు చుక్క వేసి మూసేశాను.
ఆమె ఒక్క వక్కముక్క కూడా కొరకని పన్ను.

వెండి రంగు దేన్నీ దాచదు.
సెప్టెంబరు ముసురులో మొదటి పూత మబ్బు పట్టింది,
తుడిచి, ఎండ వచ్చేదాకా ఆగి, మళ్ళీ.
పలచగా, దూరం నుంచి, చెయ్యి ఆపకుండా.
నీళ్ళ సాసర్లో వేసిన గుండ్రటి గుర్తులు
పాతవి కదా, మూడు ముక్కలైనాయి,
కుంచె తడితో ఒక్కొక్కటే నడిపించుకొచ్చాను.
కేసరి చుట్టు ఒకచోట కలవలేదు.

ఆ వేలిముద్ర పూడ్చలేదు.
గొప్ప కారణమేమీ కాదు,
పుట్టీ ట్యూబు గట్టిపడి పోయింది.
కొత్తది కొనుక్కొచ్చేసరికి నా కన్ను దానికి అలవాటు పడింది.
ఇప్పుడు దీపం పక్కకి జరిపితే చాలు
రెక్కమీద సుడులు తేలతాయి.
ఆ పిల్లకో పిల్లాడికో ఇప్పుడు గడ్డపార పట్టే వయసో,
కళ్ళజోడు వయసో.

నిన్న పొద్దున రన్‌వే నుంచి ఏదో లేచింది.
కిటికీ అద్దాలు, సున్నపు అచ్చుల వరస, అన్నీ గలగలా.
బసవలింగప్ప వినలేదు గాని బల్లమీద అరచెయ్యి ఆనించి
ఏ ఇంజనో చెప్పబోయి, మానేశాడు.
అందరం దాని వంకే చూశాం.
తోక లేవలేదు, పడలేదు.
మూడు చక్రాలమీద ముక్కు వంచి నిలబడింది.

గంగరాజమ్మ చీటీ పారేయలేదు.
వెనకవైపు పాళ్ళు రాసుకున్నాను:
వెండి మూడు వంతులు, పలచన ఐదు,
నలుపు సూదిమొనంత.