ఎడమచేతి చిటికెన వేలు

డులూత్‌లో, కోర్టు వెనక వీధిలో, రెండో అంతస్తు.
గాజుపలక మీద నా కుడి బొటనవేలు పెట్టించింది ఆర్డిస్.
యంత్రం కాసేపు గొణిగి
ఏమీ కనపడలేదంది.
తుడిచి మళ్ళీ పెట్టాను.
మళ్ళీ ఏమీ లేదు.

"ఏం పని చేస్తారు?"
ఇటుకలు, అన్నాను. ఇరవై ఆరేళ్ళు.
సిమెంటూ సున్నమూ కలిసి
గీతల్ని ఎప్పుడు నాకేశాయో నేను చూసుకోలేదు.
గోడ చూసుకున్నాను,
తూకపు గుండు చూసుకున్నాను.
"అయితే ఇప్పుడు దొంగతనం చేసినా దొరకరన్నమాట"
అనేసి, నాలుక కరుచుకుంది,
మూడో ప్రశ్న పక్కన, 'అవును' గడిలో
నా టిక్కు చూసి.
నాకు నవ్వొచ్చింది. నిజంగానే.

పందొమ్మిదో ఏట, మార్చిలో, సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
చేపల ఎరలమ్మే కొట్టు.
గల్లాపెట్టెలో రెండొందల పన్నెండు డాలర్లు.
నా వెనకాల మా పెదనాన్న కొడుకు ఐనో, టార్చి పట్టుకుని.
పైన పడుకున్న ముసలాయన మెట్లు దిగొస్తాడని అనుకోలేదు.
నేను తోసింది తలుపునే.
తలుపుకి అవతల ఆయన ఉన్నాడు.

పద్నాలుగు నెలలు అని ఉంటుంది రికార్డులో.
సెక్షను నంబరు ఉంటుంది.
తుంటి విరిగిన చప్పుడు ఉండదు.
చిన్న చప్పుడే అది.
హల్వర్ అన్న పేరుండదు, 'బాధితుడు' అని ఉంటుంది.
నేను పారిపోయే ముందు
ఆయన మంచినీళ్ళు అడిగాడని ఉండదు.

బయటికొచ్చాక
ఏమీ అడక్కుండా పనిచ్చింది వెర్లిన్ ఒక్కాయనే.
తాపీ చేతికిచ్చాడు, తాపీగా నేర్పాడు.
నిరుడు చలికాలం, పీల్చిన దుమ్మంతా ఊపిరితిత్తుల్లో రాయైపోతే
నాలుగు నెలలు నేనే ఒళ్ళు తుడిచాను,
గడ్డం గీశాను, రాత్రిళ్ళు పక్క మార్చాను.
ఇటుకని ఎత్తడం వేరు.
మనిషికి ముందే చెప్పాలి, ఎత్తుతున్నానూ అని.
చెప్పకుండా ఎత్తిన రోజు
ఉన్న కాస్త ఊపిరీ ఖర్చుపెట్టి తిట్టాడు నన్ను.

అందుకే ఈ కాగితాలు.
అందుకే నలభై ఏడేళ్ళవాణ్ణి
ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య కూర్చుని
ప్లాస్టిక్ బొమ్మకి దుప్పటి మార్చడం నేర్చుకుంటున్నాను.
కాలేజీ చేర్చుకుంది. ఆస్పత్రి ఏమంటుందో.

ఆర్డిస్ డ్రాయరులోంచి లోషన్ తీసి
నా పది వేళ్ళకీ రాసింది,
పనిముట్టుకి నూనె పెట్టినట్టు.
తొమ్మిది పలకలేదు.
ఎడమచేతి చిటికెన వేలు పలికింది.
ఇటుక అందుకునేటప్పుడు
ఎప్పుడూ కొంచెం పక్కకి జరిగి నిలబడేది,
ఎందుకూ కొరగానిదని నేననుకున్నది,
సుడులు సుడులుగా తెర మీద,
నా పందొమ్మిదో ఏడు చెక్కుచెదరకుండా.

"ఒక్కటి చాలదు. పని మానేసి, ఓ నెల ఆగి రండి.
గీతలు మళ్ళీ మొలుస్తాయి."
కొత్తవా, అని అడిగాను.
"కాదు. అవే."

మూడు వారాలైంది.
రోజూ రాత్రి దీపం కింద వేళ్ళు తిప్పి చూసుకుంటున్నాను.
చూపుడువేలు మీద ఓ మూల సన్నగా మొదలైంది,
తడిజుట్టులో దువ్వెన జాడలా.
ఫారంలో 'వివరించండి' అన్నచోట
రెండు గీతలే ఇచ్చారు.
మొదటి గీత మీద రాశాను:
ఆయన మంచినీళ్ళు అడిగాడు.
రెండోది ఇంకా రాయలేదు.