పసుపు ఊలు

బల్లార్షాల మూడింటి సైరన్ మోగితే
కుక్కలు గూడ లేచి దారి ఇస్తయ్.
మొదటి షిఫ్టు పైకొస్తది.
ల్యాంపు రూము కిటికీల కూసొని
ఒక్కొక్కల దగ్గర దీపం తీసుకుంట, బిళ్ల ఇస్త,
దీపాన్ని దాని నంబరు గూట్ల పెడ్త.
గూడు ఖాళీగున్నదంటే మనిషి ఇంకా కిందనే ఉన్నడని.
ఇరవై రెండేండ్లు, లెక్క తప్పలే.

నాగపూర్ల బల్ల మీద పండవెట్టి
మత్తు సూది ఎక్కిస్తుంటె
అదే అడగబోయిన,
నా గూడు చూసేదెవరని.

కుడి దిక్కు తీసిండ్రు.
చంకల గడ్డలు పదకొండు తీసి పరీక్షకు పంపిండ్రట.
"పదకొండంటే రెండు టీములు, ఒక అంపైరు"
అన్నది మా దేవేంద్రక్క, ఏడ్వలేక.
బాల్ బ్యాడ్మింటన్ల నాది వెనక కుడి మూల.
అది బ్యాటు చెయ్యి.

గోడ మీద వేళ్లను చీమల్లెక్క పాకియ్యమన్నది ఫిజియో పిల్ల,
ఎందాక పోతే అందాక పెన్సిల్ గీత.
మా క్వార్టర్ గోడకు ముందే గీతలున్నయ్,
బిడ్డ ఎదిగిన కొలతలు, తరగతి తరగతికి.
నేను ఆరో తరగతి కాడ నెల రోజులు ఆగిపోయిన.
"అమ్మా, ఏడుకు పాసైతవా లేదా?"
ఫోన్ల నవ్వింది హేమ.
ఎండకాలం పోయేసరికి పది దాటిన.

జుట్టొచ్చింది, రింగులు రింగులు, ఎవరిదో తెచ్చి పెట్టినట్టు.
చెయ్యి వాపుకు తొడుగిచ్చిండ్రు, చర్మం రంగట.
ఎవరి చర్మమో. నాది గాదు.

రవికెల ఖాళీకి దుకాణపోడు చెప్పిన ధర విని
లేచి వచ్చిన.
పేపర్ మిల్లు టీము శోభా మేశ్రామ్,
పదిహేనేండ్లుగ నెట్టుకవతల నా శత్రువు,
ఒకనాడు ఆటో దిగింది.
పాత బంతులు విప్పి, ఊలు కడిగి ఎండబెట్టి
అల్లుకొచ్చింది,
గుండ్రంగ, కొసకు చిన్న ముడి గూడ పెట్టి.
"అగ్గబాయీ, రంగు చూడకు, బరువు చూడు."
బరువు సరిగ్గనే ఉన్నది.

దసరా ఎళ్లిన ఆదివారం
నల్లమట్టి మీద కొత్త సున్నం.
మా పిల్లలు నా మీదికి బంతి రాకుండ అడ్డం పడ్తున్నరు,
అవతలోళ్లు నా మూలకు మెత్తగ వేస్తున్నరు
పసిపిల్లకు అన్నం ముద్ద పెట్టినట్టు.
మెత్తటి బంతి ఎంత గట్టిగ తగుల్తదో
తగిలినోళ్లకే ఎరుక.
శోభ ఒక్కతే,
ఎగిరి, సరిగ్గ నా కుడి భుజం మీదికి దంచింది.
నాకు కడుపు నిండింది.

ఎత్తిన.
గోడ మీది పది దాటి, ఎన్నడూ గీయని ఎత్తుకు చెయ్యి పోయింది.
కొట్టిన, తగిలింది.
ఆ సాగుడుకే టీషర్టు కిందికెల్లి
లోపలున్నది జారి పడ్డది,
దొర్లుకుంట పోయి సున్నపు గీత మీద ఆగింది.
కోర్టుల రెండు పసుపు బంతులు.

అంపైర్ రాజలింగు విజిల్ నోట్లనే ఉంచుకొని
దాన్ని చూసిండు, దీన్ని చూసిండు.
రూల్ బుక్కుల ఇది లేదు.
"ఏది ఆటల ఉన్నది?"

"రెండూ" అన్న.

ముందుగాల శోభ నవ్వింది, నెట్టు పట్టుకొని వంగి.
తర్వాత ఎవరు నవ్విండ్రో, ఎవరు కండ్లు తుడుసుకున్నరో
నేను చూడలే.
రాజలింగు చెవులు ఎర్రగైనయ్.
"లెట్. పాయింట్ లేదు. మళ్ల ఆడుండ్రి."
దుమ్ము దులిపి, అందరి ముందట్నే
లోపల పెట్టుకున్న.
కొంచెం మట్టి అంటుకునే ఉన్నది, గరుకుగ.

ఓడినం, ముప్పై ఐదు – ఇరవై ఆరు.
రాత్రికి చెయ్యి ఉబ్బింది,
రెండు దిండ్ల మీద పండవెట్టి, దానికే దుప్పటి కప్పిన.

పొద్దుగాల కిటికీ కాడికి రాజలింగు వచ్చిండు,
బిళ్ల పెట్టిండు, దీపం తీసుకున్నడు,
తల ఎత్తకుండనే అడిగిండు:
"మళ్ల ఎప్పుడు?"